గ్రామీణ భూవివాదాల్లో మధ్యవర్తిత్వం: తెలుగు రాష్ట్రాలు

నిర్వచనం, పరిధి

భూమి హక్కు, హద్దు, అనుభవం, దారి, నీటి వాటా వంటి వాటిపై తగువు పడినవాళ్ల మధ్య ఏ పక్షానికీ చెందని వ్యక్తి కూర్చుని, ఇద్దరూ ఒప్పుకునే పరిష్కారానికి వాళ్లనే చేర్చే పద్ధతిని భూవివాద మధ్యవర్తిత్వం అంటారు. మధ్యవర్తికి తీర్పు చెప్పే అధికారం లేదు. ఒప్పుకోవడం, మానడం పక్షాల ఇష్టం. కోర్టులో న్యాయమూర్తి తీర్పు చెబుతారు. ఆర్బిట్రేషన్‌లో ఆర్బిట్రేటర్ ఇచ్చే అవార్డుకు ఇరుపక్షాలూ కట్టుబడాలి. మధ్యవర్తిత్వం ఈ రెండింటి నుంచీ ఇక్కడే వేరవుతుంది.

ఊళ్లలో జరిగే పెద్దమనుషుల పంచాయితీ ఈ గీతకు అటూ ఇటూ నడుస్తుంది. పెద్దలు ఇద్దరికీ నచ్చజెప్పి ఒప్పిస్తే అది మధ్యవర్తిత్వం. డిపాజిట్ కట్టించుకుని, తీర్పు చెప్పి, వినని వాడికి తప్పు వేస్తే అది మధ్యవర్తిత్వం కాదు. చట్టం దృష్టిలో దానికి విలువ కూడా లేదు. ఈ వ్యాసం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాల్లో వాడుకలో ఉన్న సంప్రదాయ, చట్టబద్ధ పద్ధతులు రెంటినీ వివరిస్తుంది. భూసేకరణ పరిహారం తగాదాలు దీని పరిధిలోకి రావు.

చరిత్ర: ధర్మశాస్త్రాల నుంచి కంపెనీ దాకా

ధర్మశాస్త్రాలు చెప్పిన పద్దెనిమిది వివాద పదాల్లో సీమావివాదం ఒకటి. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం గ్రామాల హద్దు తగాదాలను ఎలా తేల్చాలో వివరంగా చెబుతుంది. గుర్తులు స్పష్టంగా కనిపించే జ్యేష్ఠ మాసంలో హద్దు నిర్ణయించాలి. మర్రి, రావి వంటి చెట్లను, చెరువులను, గుళ్లను హద్దు గుర్తులుగా ఉంచాలి. రాళ్లు, బొగ్గులు, ఊక, పెంకులు వంటివి నేల కింద పాతిపెట్టాలి. గుర్తులతో తేలకపోతే చుట్టుపక్కల వాళ్ల సాక్ష్యం తీసుకోవాలి. పంట కోసుకుని గట్లు బయటపడిన ఎండాకాలంలోనే పొలం కొలిపించే అలవాటు తెలుగు ఊళ్లలో నేటికీ ఉంది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్య ఆధారంగా పదమూడో శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరీయం’ రచించాడు. తెలుగులో వచ్చిన తొలి న్యాయశాస్త్ర గ్రంథంగా దాన్ని చెబుతారు.

మద్రాసు రాజధానిలో ఈస్టిండియా కంపెనీ మొదట జిల్లా కోర్టుల మీదే ఆధారపడింది. థామస్ మన్రో నాయకత్వంలోని కమిషన్ కృషితో 1816లో వరుసగా రెగ్యులేషన్లు వచ్చాయి. గ్రామ పెద్దకు మునసబు హోదాలో చిన్న దావాలు వినే అధికారం దక్కింది. గ్రామ పంచాయితీలకు చట్టరూపం వచ్చింది. భూమి సాగు, నీటి పారుదలకు సంబంధించి భూస్వాములకూ రైతులకూ వచ్చే తగాదాలను గ్రామ, జిల్లా పంచాయితీలకు అప్పగించే వీలును ఆ ఏడాది పన్నెండో రెగ్యులేషన్ కల్పించింది. తర్వాత వచ్చిన 1888 నాటి మద్రాసు గ్రామ న్యాయస్థానాల చట్టం ప్రధానంగా అప్పులు, చరాస్తుల దావాలకే పరిమితమైంది. భూమి హక్కు తగువు మళ్లీ అటు సివిల్ కోర్టుకూ ఇటు రచ్చబండకూ మిగిలింది.

చరిత్ర: రికార్డుల తేడాలు

మధ్యవర్తి చేతికి వచ్చే కాగితాలు ఊరి పూర్వ పాలనను బట్టి మారతాయి. రైత్వారీ గ్రామాల్లో బ్రిటిష్ కాలం నుంచే సర్వే, సెటిల్‌మెంట్ రికార్డులు ఉన్నాయి. జమీందారీ గ్రామాలు చాలావాటికి 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే పూర్తి స్థాయి రికార్డు ఏర్పడింది. హైదరాబాద్ రాష్ట్రంలో 1317 ఫస్లీ భూమి శిస్తు చట్టం (1907) నడిచింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించింది. 1954–55లో ఖాస్రా పహాణీ (సాగు, స్వాధీనం రికార్డు) తయారైంది. అందుకే కోనసీమ తగువులో పెద్దలు ఆర్‌.ఎస్‌.ఆర్ (సెటిల్‌మెంట్ రిజిస్టరు), అడంగల్ (సాగు రికార్డు) అడుగుతారు. నల్లగొండలో సేత్వార్ (తొలి సర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు), ఖాస్రా పహాణీ అడుగుతారు.

1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మునసబు, కరణం, పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. వంశపారంపర్యంగా వచ్చిన ఆ పెత్తనం పోవడం పేద రైతుకు మేలు చేసింది. లెక్కలు తారుమారు చేసి భూములు మార్చిన కరణాల కథలు ప్రతి తాలూకాలోనూ ఉన్నాయి. అయితే ఏ గట్టు ఎప్పుడు పడిందో, ఏ దస్తావేజు వెనక ఏం జరిగిందో చెప్పగల మనిషి కూడా ఊళ్లో లేకుండా పోయాడు. 1985లో మండలాలు వచ్చాక రెవెన్యూ రికార్డు తహసీల్దారు కార్యాలయానికి చేరింది. తెలంగాణలో 2020లో వీఆర్వోల (గ్రామ రెవెన్యూ అధికారుల) వ్యవస్థ రద్దయి ధరణి భూ రికార్డుల పోర్టల్ వచ్చింది. 2025లో దాని స్థానంలో భూభారతి చట్టం అమల్లోకి వచ్చి, రెవెన్యూ అధికారులకు అప్పీలు చేసుకునే దారి మళ్లీ తెరుచుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో సమగ్ర రీసర్వే మొదలైంది. పాత గట్లకూ కొత్త కొలతలకూ పొంతన కుదరని చోట్ల కొత్త తగువులు పుట్టాయి.

2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇందిర క్రాంతి పథం కింద గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) పారాలీగల్స్‌ను, కమ్యూనిటీ సర్వేయర్లను శిక్షణ ఇచ్చి మండలాల్లో నియమించింది. ఊరి యువకులే పేదల భూ సమస్యలను గుర్తించి, రికార్డులు సేకరించి, కొలతలు వేసి తహసీల్దారు ముందుంచారు. అదే ఏడాది నివేదిక ఇచ్చిన కోనేరు రంగారావు భూ కమిటీ కూడా పేదల చేతికి భూమి దక్కకపోవడానికి రికార్డుల లోపాలు, న్యాయ సహాయం అందకపోవడం ప్రధాన కారణాలని ఎత్తిచూపింది.

వివాదాల రకాలు

హద్దు తగువు (తెలంగాణలో గెట్టు పంచాయితీ) అన్నింటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఏటా దున్నేటప్పుడు గట్టును కాస్త చెక్కడం, సర్వే రాయి పడిపోవడం, గట్టు మీది చెట్టు ఎవరిదన్న పేచీ దీనికి మూలాలు. చూసేవాళ్లకు చిన్నదిగా కనిపించినా లెక్క చిన్నది కాదు. గొలుసు పొడవు 66 అడుగులు. పది గొలుసుల పొడవున్న గట్టు ఒక్క అడుగు జరిగితే 660 చదరపు అడుగులు పోతాయి. అంటే దాదాపు 73 గజాలు, సుమారు ఒకటిన్నర సెంటు. రోడ్డు పక్క పొలంలో ఆ ఒకటిన్నర సెంటు కోసం తలలు పగిలిన సందర్భాలున్నాయి.

వాటా తగాదాలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య వచ్చేవి. నోటిమాట పంపకం జరిగి, ఎవరి చెక్క వాళ్లు దున్నుకుంటూ, పట్టా మాత్రం తండ్రి పేరిటో పెద్దన్న పేరిటో ఉండిపోవడం వీటికి మామూలు కారణం. తండ్రి పోయాక విరాసతు (వారసత్వ మార్పు) కోసం తిరిగేటప్పుడు తగువు బయటపడుతుంది.

దారి తగాదా మూడోది. ఆంధ్ర ప్రాంతంలో పుంతలు, డొంకలు, తెలంగాణలో బండ్ల బాటలు ఆక్రమణకు గురై లోపలి పొలానికి ట్రాక్టరు పోయే తోవ లేకుండా పోతుంది. నక్షాలో దారి ఉంటే అది ప్రభుత్వ భూమి, తహసీల్దారు తేల్చాలి. నక్షాలో లేకుండా ఏళ్ల తరబడి నడిచిన దారి అయితే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం వర్తిస్తుంది. ఆటంకం లేకుండా 20 ఏళ్లు హక్కుగా వాడుకున్న దారికి, నీటికి ఆ చట్టం రక్షణ ఇస్తుంది. ఇలాంటివి మధ్యవర్తిత్వంలో త్వరగా తెగుతాయి, ఎందుకంటే దారి ఇచ్చే రైతుకు బదులుగా ఇవ్వడానికి ఏదో ఒకటి దొరుకుతుంది: చివర నాలుగు గుంటలు, బోరు నీరు రెండు తడులు, పైపు వేసుకునే వీలు.

నీటి తగాదాల్లో చెరువు తూము కింద వంతులు, పంట బోదెలు, ఉమ్మడి బావి, పక్క బోరు దగ్గర్లో కొత్త బోరు వేయడం ముఖ్యమైనవి. ఇవి కాక కౌలు, తాకట్టు, ఒకే భూమిని ఇద్దరికి అమ్మడం, సాదా బైనామా (తెల్లకాగితం) కొనుగోళ్లు, అసైన్డ్ భూముల మార్పిడి, శ్మశాన, మేత పోరంబోకుల ఆక్రమణ ఉన్నాయి. చివరి రెండు రకాలకు మధ్యవర్తిత్వం సరిపడదు (చూ. మధ్యవర్తిత్వానికి తగని వివాదాలు).

మధ్యవర్తులు ఎవరు

సంప్రదాయ పద్ధతిలో ఊరి పెద్దమనుషులు, కుల పెద్దలు, సర్పంచి, ఇరుపక్షాల బంధువుల్లో మాట చెల్లేవాళ్లు కూర్చుంటారు. తండాల్లో నాయక్, కారభారి ఆ బాధ్యత తీసుకుంటారు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో పట్లా పెద్దరికం చేస్తాడు, అతని దగ్గర తేలనిది రాయి సెంటర్‌కు పోతుంది. మాట మీద నమ్మకం కుదరని చోట గుడిలో ప్రమాణం చేయమంటారు. చిత్తూరు జిల్లా కాణిపాకం వినాయకుడి ముందు చేసే ప్రమాణాలకు చుట్టుపక్కల జిల్లాల్లో పేరుంది.

చట్టబద్ధ పద్ధతిలో శిక్షణ పొందిన మధ్యవర్తులు, లోక్ అదాలత్ బెంచీలు, గ్రామ న్యాయాలయాలు, న్యాయసేవాధికార సంస్థల పారాలీగల్ వలంటీర్లు ఉన్నారు. సుప్రీంకోర్టు 2005లో ఏర్పాటు చేసిన మధ్యవర్తిత్వ, రాజీ ప్రాజెక్టు కమిటీ పర్యవేక్షణలో 40 గంటల శిక్షణ పొందినవారే కోర్టు మధ్యవర్తులుగా పనిచేస్తారు.

పని జరిగే తీరు

మంచి మధ్యవర్తి మొదట మాటలు వినడు, కాగితాలు అడుగుతాడు. పాసుపుస్తకం, 1-బి, అడంగల్ లేదా పహాణీ, లింకు దస్తావేజులు, ఈసీ (లావాదేవీల ధ్రువపత్రం), ఎఫ్.ఎం.బి. లేదా టిప్పన్ (పొలం కొలతల పటం) నకలు చేతికి వస్తేనే తగువు ఏమిటో తెలుస్తుంది. ఇద్దరి దస్తావేజుల్లోనూ చెక్కుబందీ చదివించాలి. తూర్పున ఫలానా వారి భూమి, దక్షిణాన కాలువ, పడమర బండి బాట, ఉత్తరాన మరొకరి గట్టు అని రాసిన నాలుగు హద్దులను ఇప్పటి పొలంతో పోల్చాలి. చాలా తగువుల్లో విస్తీర్ణం కాగితంలో ఎక్కువగా పడి ఉంటుంది. ఒకే సర్వే నంబరులో అమ్మిన వాటాలన్నీ కలిపితే నంబరు మొత్తాన్ని మించిపోవడం అరుదేమీ కాదు. అప్పుడు ఇద్దరు రైతుల్లో ఎవరూ అబద్ధమాడటం లేదని తేలుతుంది, సగం కోపం అక్కడే చల్లారుతుంది.

రెండో అడుగు పొలం దగ్గరే. హద్దు కొలత కోసం ఎఫ్-లైన్ దరఖాస్తు పెడితే మండల సర్వేయరు వచ్చి కొలుస్తాడు. ఇద్దరి సమ్మతితో లైసెన్స్‌డ్ సర్వేయరును పెట్టుకోవడమూ ఉంది. కొలత మొదలుపెట్టే చోటు మీదే మొదటి పేచీ వస్తుంది, ఎందుకంటే ఏ రాయి నుంచి మొదలుపెడితే దాన్ని బట్టి గట్టు జరుగుతుంది. కాబట్టి ఎవరూ కాదనని పాత రాయిని, అంటే మూడు సర్వే నంబర్లు కలిసే చోట పాతిన రాయిని, కాలువ మలుపును, పాత బావి ఒరను ముందుగా ఎంచుకుంటారు. ఆ రాయి సొంత చోటే ఉందో, ఎవరైనా పీకి పాతారో చూడటానికి చుట్టూ తవ్వుతారు. పక్క పొలాల వాళ్లను కూడా పిలవాలి. వాళ్లు లేకుండా వేసిన కొలత రేపు వాళ్ల నుంచే కొత్త తగువు తెస్తుంది.

మూడో దశ విడివిడిగా మాట్లాడటం. నలుగురి ముందు రైతు తగ్గడు, ఇంటి అరుగు మీద అయితే తగ్గే వీలుంటుంది. పైకి గట్టు తగువుగా కనిపించేది లోపల పెళ్లిలో జరిగిన అవమానం కావచ్చు, తల్లిని ఎవరు చూసుకోవాలన్న పంతం కావచ్చు, ముందటేడు నీళ్లు మళ్లించుకున్న కక్ష కావచ్చు. అది బయటికి రాకుండా గట్టు మాత్రం సరిచేస్తే మరుసటి దుక్కికి తగువు మళ్లీ లేస్తుంది. విడిగా చెప్పిన మాటను అవతలివాళ్లకు చేర్చకూడదన్నది మధ్యవర్తి నియమం. 2023 మధ్యవర్తిత్వ చట్టం ఈ గోప్యతను చట్టపరమైన బాధ్యతగా చేసింది.

నాలుగో దశలో ప్రతిపాదనలు కలుస్తాయి. అన్నదమ్ముల పంపకాల్లో పాత పద్ధతులు ఇప్పటికీ పనికొస్తాయి. కొన్ని ఊళ్లలో పెద్దవాడు వాటాలు వేస్తే చిన్నవాడు ముందు ఎంచుకుంటాడు. కొన్నిచోట్ల చీట్లు వేసి చిన్నపిల్లల చేత తీయిస్తారు. భూమి సమానంగా విడగొట్టడం కంటే విలువ సమానం చేయడం ముఖ్యం. బావి ఉన్న చెక్క పుచ్చుకున్నవాడు తమ్ముడికి నీళ్లు ఇస్తాడు. రోడ్డు వైపు వాటా వచ్చినవాడు లోపలి వాటాకు పన్నెండు అడుగుల దారి వదులుతాడు, లేదా తేడాకు డబ్బు ఇస్తాడు. కోర్టు డిక్రీలో ఇలాంటి సర్దుబాట్లకు చోటు తక్కువ. భూవివాదాల్లో మధ్యవర్తిత్వానికి ఉన్న అసలు బలం ఇదే.

పంచాయితీ ఎంతకాలం సాగినా ఊరి మాటలు చట్టపరమైన కాలపరిమితిని ఆపవు. భూమి స్వాధీనం కోసం దావా వేయడానికి 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం 12 ఏళ్లు గడువు. మాటలు నడుస్తున్నాయన్న భరోసాతో ఊరుకుని గడువు దాటబెట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఇక తన్నులాట వరకు వచ్చిన తగువులో తహసీల్దారు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుగా జోక్యం చేసుకోవచ్చు. పూర్వం సీఆర్‌పీసీ 145వ సెక్షన్ కింద, 2024 జూలై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 164వ సెక్షన్ కింద భూమి ఎవరి స్వాధీనంలో ఉందో తేల్చి శాంతి కాపాడతారు. హక్కు ఎవరిదన్నది మాత్రం అక్కడ తేలదు.

ఒప్పందం, రాతకోతలు

ఎక్కువ ఒప్పందాలు విఫలమయ్యేది ఇక్కడ. నలుగురి ముందు చేతులు కలిపి, తెల్లకాగితం మీద ఖరారునామా రాసుకుని, సాక్షులు సంతకాలు పెట్టి, ఒక పెద్దమనిషి దగ్గర దాచిపెడతారు. పదిహేనేళ్లకు ఆ పెద్దమనిషి పోతాడు, భూమి రేటు పదింతలు అవుతుంది, కొడుకులు ఆ కాగితం మాకు తెలియదంటారు.

1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం వంద రూపాయలు, ఆపై విలువైన స్థిరాస్తిలో హక్కు పుట్టించే, మార్చే, వదులుకునే పత్రాన్ని రిజిస్టరు చేయించాలి. చేయించకపోతే ఆ హక్కుకు రుజువుగా కోర్టులో చెల్లదు. అయితే కుటుంబ సెటిల్‌మెంటుకు 1976లో కాలే కేసులో సుప్రీంకోర్టు కొంత వెసులుబాటు చూపింది. నోటిమాటగా ముందే జరిగిపోయిన పంపకాన్ని గుర్తుగా రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఆ కాగితమే పంపకం చేస్తుంటే అక్కర ఉంటుంది. ఈ సన్నని తేడా తెలియక రాయసగాళ్లు ఒకే వాక్యంలో రెండూ కలిపి రాయడం వల్ల చాలా పారిఖత్తులు (పంపకం పత్రాలు) కోర్టులో నిలబడలేదు.

కాబట్టి కట్టుదిట్టమైన ఒప్పందంలో కొలత నకలు, కొత్త హద్దుల స్కెచ్, రాళ్లు పాతే తేదీ, దారి వెడల్పు అడుగుల్లో, నీటి వంతు రోజుల్లో ఉండాలి. కేసులు ఉపసంహరించుకునే గడువు, ఖర్చుల వాటా కూడా రాయాలి. చదువు రానివాళ్లకు చదివి వినిపించినట్టు రాసి వేలిముద్ర తీసుకోవాలి. ఆ తర్వాత రిజిస్ట్రేషన్, పాసుపుస్తకంలో మార్పు, నక్షాలో సబ్‌డివిజన్ జరిగితేనే పని పూర్తయినట్టు. తెలంగాణలో తెల్లకాగితం కొనుగోళ్ల సమస్య దీనికి ఉదాహరణ. సాదా బైనామాల క్రమబద్ధీకరణకు 2020 అక్టోబరు, నవంబరుల్లో లక్షల్లో దరఖాస్తులు వచ్చాయి. వాటి పరిష్కారానికి 2025 భూభారతి చట్టంలో ప్రత్యేకంగా వీలు కల్పించాల్సి వచ్చింది.

చట్టపరమైన ఆధారాలు

సివిల్ ప్రొసీజర్ కోడ్ 89వ సెక్షన్ ప్రస్తుత రూపంలో 2002 జూలై 1 నుంచి అమల్లో ఉంది. రాజీకి అవకాశం ఉన్న దావాను కోర్టు మధ్యవర్తిత్వానికి, లోక్ అదాలత్‌కు, ఆర్బిట్రేషన్‌కు పంపవచ్చు. 2010 నాటి అఫ్కాన్స్ తీర్పులో సుప్రీంకోర్టు ఏ కేసులు పంపాలో, ఏవి పంపకూడదో వివరించింది. కుటుంబ సభ్యుల పంపకాలు, ఇరుగుపొరుగు దారి, ఆక్రమణ తగాదాలు తగినవన్నది. ఫోర్జరీ, మోసం వంటి తీవ్ర ఆరోపణలున్నవీ, మైనర్ల, దేవతామూర్తుల హక్కులకు రక్షణ అవసరమైనవీ తగనివన్నది.

1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం కింద ఏర్పడే లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. దావా వేయకముందే ప్రీ-లిటిగేషన్ కేసుగా పెట్టుకునే వీలుంది. దావా వేశాక రాజీ పడితే కోర్టు ఫీజు వాపసు వస్తుంది. 2008 గ్రామ న్యాయాలయాల చట్టం ఉమ్మడి మేత భూములు, కాలువ నీటి వంతులు, బావి నీటి హక్కు, పొలాల్లోని ఇళ్ల స్వాధీనం వంటి తగాదాలను ఆ కోర్టుల పరిధిలో చేర్చి, ముందు రాజీకి ప్రయత్నించాలని చెప్పింది.

2023 మధ్యవర్తిత్వ చట్టానికి సెప్టెంబరు 14న రాష్ట్రపతి ఆమోదం లభించింది. అందులోని సెక్షన్లు దశలవారీగా అమల్లోకి వచ్చేలా ఏర్పాటుంది. తొలి విడత అదే ఏడాది అక్టోబరు 9న అమలైంది. ఈ చట్టం మధ్యవర్తిత్వానికి 120 రోజుల గడువు పెట్టి, ఇరుపక్షాల సమ్మతితో మరో 60 రోజులు పొడిగించే వీలిచ్చింది. కుదిరిన ఒప్పందాన్ని డిక్రీలా అమలు చేయించుకోవచ్చు. మోసం, అవినీతి, మారుమనిషి సంతకం వంటి కారణాలతోనే దాన్ని సవాలు చేయాలి. హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడిన వారసులున్న తగువులకు ఈ చట్టం అనుమతించిన ఆన్‌లైన్ మధ్యవర్తిత్వం పనికొస్తుంది.

ఇదే చట్టం పదో అధ్యాయం కమ్యూనిటీ మధ్యవర్తిత్వానిది. ఒక ప్రాంతంలో శాంతి సామరస్యాలను దెబ్బతీసే వివాదాన్ని, ఇరుపక్షాల ముందస్తు సమ్మతితో ముగ్గురు మధ్యవర్తుల బృందానికి అప్పగించవచ్చు. ఆ ఒప్పందం శాంతి కోసమేననీ, కోర్టు డిక్రీలా అమలు కాదనీ చట్టం స్పష్టంగా చెప్పింది. గ్రామీణ భూవివాదాల విషయంలో ఇది పెద్ద లోటు. రచ్చబండకు పేరు ఇచ్చి పలుకుబడి ఇవ్వలేదు.

మధ్యవర్తిత్వానికి తగని వివాదాలు

అసైన్డ్ భూమిని 1977 చట్టానికి విరుద్ధంగా కొన్నవాడితో పెద్దలు రాజీ కుదిర్చినా ఆ రాజీ చెల్లదు. ప్రభుత్వ పోరంబోకును ఇద్దరు పంచుకునే ఒప్పందమూ అంతే. ఏజెన్సీలో 1959 భూబదలాయింపు నిబంధన, దాన్ని కట్టుదిట్టం చేసిన 1970 నాటి 1వ నిబంధన (1/70గా ప్రసిద్ధి) ప్రకారం గిరిజనేతరుడికి భూమి మారడం చెల్లదు. గిరిజనుడి భూమిని తరతరాలుగా అనుభవిస్తున్నవాడితో ఎకరానికి ఇంతని రాజీ పెట్టడం చట్టాన్ని దొడ్డిదారిన తప్పించడమే. మరోవైపు 1996 పీసా (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం గిరిజనుల ఆచారాలను, సంప్రదాయ వివాద పరిష్కార పద్ధతులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఇద్దరు గిరిజనుల మధ్య హద్దు తగువును గూడెం పెద్దలు తేల్చడంలో అడ్డేమీ లేదు.

మహిళల వాటా

ఊరి పంచాయితీల్లో ఎక్కువగా నష్టపోయింది ఆడపడుచులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005 కేంద్ర సవరణ ఆ హక్కును కూతుళ్లందరికీ విస్తరించింది, 2020లో వినీతా శర్మ తీర్పుతో దాని మీది సందేహాలు తొలగాయి. అయినా పసుపు కుంకుమల కింద ఏదో ఇచ్చామన్న మాటతో హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకోవడం నేటికీ ఉంది. పెద్దమనుషుల్లో ఆడవాళ్లు లేని చోట పుట్టింటి రాకపోకలు పోతాయన్న భయమే ఆమె సమ్మతిగా లెక్కకు వస్తుంది. మధ్యవర్తి ఆమెతో అన్నదమ్ములు లేకుండా మాట్లాడి, చట్టప్రకారం వచ్చే వాటా ఎంతో చెప్పాకే సంతకం తీసుకోవాలి.

ప్రాధాన్యం, విమర్శలు

‘దక్ష్’ సంస్థ 2016 సర్వే ప్రకారం దేశంలోని సివిల్ కేసుల్లో దాదాపు మూడింట రెండు వంతులు భూమి, ఆస్తులవే. పంపకం దావాలో ప్రాథమిక డిక్రీ, తర్వాత తుది డిక్రీ, ఆపై అమలు పిటిషన్ అంటూ తరం గడిచిపోతుంది. కేసు గెలిచినా పక్క పొలం వాడు పక్కనే ఉంటాడు, నీళ్లు అదే బోదెలో రావాలి. రాజీకి మొగ్గు చూపడానికి రైతుకు ఇంతకంటే కారణం అక్కర్లేదు. 2025 జూలై నుంచి సెప్టెంబరు దాకా దేశవ్యాప్తంగా జరిపిన 90 రోజుల మధ్యవర్తిత్వ కార్యక్రమంలో పంపకాల కేసులనూ చేర్చారు.

విమర్శలూ బలమైనవే. పెద్దరికం ఊళ్లో భూమి, కులబలం ఉన్నవాళ్ల చేతుల్లో ఉంటుంది. దళిత రైతుకూ భూస్వామికీ మధ్య తగువులో సమానమైన బేరం లేదు. ఉత్తర తెలంగాణలో కొన్ని గ్రామాభివృద్ధి కమిటీలు జరిమానాలు, సాంఘిక బహిష్కరణలు విధించిన ఉదంతాలు వెలుగు చూశాయి. పోలీస్ స్టేషన్లలో సివిల్ సెటిల్‌మెంట్లు చేయవద్దని హైకోర్టు పలుమార్లు హెచ్చరించింది. 2011లో అరుముగం సెర్వై కేసులో కట్ట పంచాయితీలు (తీర్పులు చెప్పి శిక్షలు వేసే అనధికార పంచాయితీలు) చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది. నగరాల చుట్టూ భూమి విలువ పెరిగిన మండలాల్లో కమీషన్ మీద సెటిల్‌మెంట్లు చేసే ముఠాలు మధ్యవర్తిత్వమన్న మాటనే చెడగొట్టాయి. ఈ విమర్శల్లో చాలావరకు బలవంతపు రాజీల మీదివి.

ఇతర దేశాల్లో

శ్రీలంక 1988 చట్టంతో స్థానికులతో కూడిన మధ్యవర్తిత్వ బోర్డులను స్థాపించింది. 2003 చట్టం కింద భూవివాదాలకు ప్రత్యేక బోర్డులు ఏర్పరచింది. రువాండాలో ఎన్నికైన ‘అబుంజి’ కమిటీలకు 2003 రాజ్యాంగంలోనే చోటు దక్కింది. చైనాలో గ్రామీణ భూమి కాంట్రాక్టు వివాదాల మధ్యవర్తిత్వ, ఆర్బిట్రేషన్ చట్టం 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉంది.

ఆశ్రయించవలసిన చోటు

భూవివాదాన్ని రాజీ చేసుకోదలచినవారు మండల న్యాయసేవాధికార కమిటీకి గానీ, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు గానీ తెల్లకాగితం మీద దరఖాస్తు ఇవ్వవచ్చు. లోక్ అదాలత్‌కు ఫీజు లేదు. మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. జాతీయ న్యాయసేవాధికార సంస్థ ఉచిత ఫోన్ నంబరు 15100.